చీటీ మీద అబద్ధం

నాందేడ్,
జూన్ 14

భోజన్న మామకు,

నీ దగ్గర నుంచి మెయిల్ వచ్చి మూడు శనివారాలు దాటింది. దవాఖానలో రిజిస్ట్రేషన్ కిటికీ మూసే ముందు నాకు నాలుగు ముక్కలు రాయడం నీ అలవాటు. ఎనిమిదేళ్లలో ఒక్క శనివారమే తప్పావు. గాలివానకు భోకర్ అంతా కరెంటు పోయిన రోజది. ఇప్పుడు ఫోన్ చేస్తే "అంతా మంచిగనే ఉన్నది బిడ్డా, పని ఎక్కువయింది" అంటావు. ఫోన్‌లో నువ్వు ఏదైనా దాచగలవు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. అత్త చదివి వినిపిస్తుంది. అత్త చేతనే జవాబు రాయించు.

నా సంగతులు మామూలే. కంపెనీలో మిగతావాళ్లు ప్రోగ్రాంలు రాస్తారు. నేను వాటిని ప్యాకేజీలుగా కట్టి, ఏ లినక్స్ కంప్యూటర్ మీదైనా సులువుగా ఎక్కేలా చేస్తాను. "మా సారిక ప్యాకింగ్ పని చేస్తది" అని అమ్మ చెప్పుకుంటోంది. పక్కింటివాళ్లు నేను కొరియర్ ఆఫీసులో ఉన్నాననుకుంటున్నారు.

ఏప్రిల్‌లో దవాఖానల కోసం టోకెన్ ప్రోగ్రాం ఒకటి పంపాం. "నలభై రెండో నంబరు, మూడో గది" అని మరాఠీలోనూ తెలుగులోనూ పిలుస్తుంది. సరిహద్దు ఊళ్లవాళ్లు వచ్చే దవాఖానలకు తెలుగు గొంతు కూడా ఉండాలని పట్టుబట్టింది నేనే. మీ దగ్గరికి వచ్చిందా? ఎలా ఉంది? చూపున్నవాళ్లు చెప్పేది నాకు అక్కర్లేదు. నువ్వు విని చెప్పు.

నీ సారిక


భోకర్,
జూన్ 20

సారికకు ఆశీస్సులు.

నేను చెప్తుంటే మీ అత్త రాస్తోంది. అక్షరదోషాలు తనవి, మాటలు నావి.

కంగారు పడాల్సిందేమీ లేదు. మే నెలలో దవాఖానకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. కొత్తవి కదా, అలవాటు కావాలి. అందుకే మెయిల్ రాయలేకపోయాను. మీ టోకెన్ ప్రోగ్రాం మా దగ్గరా ఉంది. ఆ తెలుగు గొంతు బాగుంది. గది నంబరు చెప్పేటప్పుడు మాత్రం కాస్త తొందరపడుతోంది. ముసలివాళ్లు రెండోసారి అడుగుతున్నారు. కొంచెం నెమ్మదిగా పలికించు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. ఒంట్లో బాగానే ఉంది.

నీ మామ
భోజన్న

(సారికా, ఈడికెల్లి మామ చెప్పింది కాదు. నేనే రాస్తున్న. ఆయనకు చదివేటప్పుడు ఈ ముక్క విడిచిపెడ్త. కొత్త కంప్యూటర్ మామతోని మాట్లాడ్తలేదు. తెర చదివి చెప్పేది ఉంటది సూడు, నువ్వే పెట్టిచ్చినవ్ గద, అది మూగగయింది. నెల సంది కిటికీ కాడ ఇంకో పిల్ల కూసుంటున్నది. మామను గేటు కాడ స్టూలు మీద కూసోవెట్టిండ్రు. "చెప్పులు ఈడ్నే విడువుండ్రి" అని అచ్చెటోళ్లకు చెప్పుడు ఆయన పని. "కొత్త కంప్యూటర్ నడిపిచ్చుడు నాకు చేతనైతలేదు" అని మేనేజర్ ఒక కాగితం తయారు చేసిండు. దాని మీద సహీ పెట్టు అంటున్నడు. మామ పెడ్తలేడు. ఇంట్ల ఎవ్వరితోని మాట్లాడ్తలేడు. నేను రాసిన అని చెప్పకు. — అనుసూయ)


నాందేడ్,
జూన్ 25

మామా,

గేటు దగ్గరి స్టూలు సంగతి నాకు తెలిసింది. ఎవరు చెప్పారని అడగకు. మీ ఇంట్లో రాయడం వచ్చిన మనిషి ఒక్కరే, ఆమెను ఏమీ అనకు.

నీ చూపు పోయిన ఏడు నేను మూడో తరగతిలో ఉన్నాను. అందరూ "ఇగ భోజన్న ఇంట్ల కూసునుడే" అన్నారు. నువ్వు ఔరంగాబాద్ వెళ్లి ఏడాది శిక్షణ తీసుకుని వచ్చి, ఆ కిటికీ వెనక కూర్చున్నావు. పద్దెనిమిదేళ్లు! పేషెంట్ దగ్గితే పేరు చెప్పేవాడివి. అలాంటిది నీకు కంప్యూటర్ రాదా? ఆ మాట నీ చేత రాయిస్తారా?

సంతకం పెట్టకు. ఏం చేసినా సరే, పెట్టకు.

నాకు ఒక్కటి కావాలి. తెర చదివే ప్రోగ్రాంను మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్ ఏదో ఒకటి రాసి ఉంటుంది. నీకు వినపడకపోవచ్చు, తెర మీద కనపడుతుంది. చూపున్నవాళ్ల చేత అక్షరం వదలకుండా చదివించు. ఆ కంప్యూటర్లలో ఏ ప్రోగ్రాం ముందు ఎక్కించారు, ఏది తర్వాత ఎక్కించారు, అదీ కనుక్కో.

సారిక


భోకర్,
జులై 2

సారికా,

మీ అత్తను ఏమీ అనలేదు. అన్నా వినే మనిషి కాదు. ఇకనుంచి నీ దగ్గర ఏదీ దాచను.

కొత్త కంప్యూటర్లు వచ్చిన మొదటి రోజే నాది పలకలేదు. అన్ని మీటలూ నొక్కి చూశాను. వాటిని ఎక్కించిన గజానన్‌ను పిలిస్తే వచ్చి చూశాడు. "కాకా, అన్నీ బరాబర్ ఎక్కినయ్. ఒక్క తప్పు సుత చూపిస్తలేదు. నువ్వే ఏదో మీట ఒత్తినవ్" అని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటే దవాఖాన అంతా తిరిగింది. భోజన్న ఏదో నొక్కి పాడుచేశాడట.

పోయిన సోమవారం సిబ్బంది మీటింగులో మేనేజర్ ఉమాకాంత్ ఆ కాగితం అందరి ముందూ చదివాడు. చదివి నా చేతిలో పెన్ను పెట్టాడు.

"భోజన్నా, దీంట్ల ఇజ్జత్ పోయేదేం లేదు. వయసయింది. సహీ పెట్టి గేటు కాడ నిమ్మలంగ కూసో."

"సాహెబ్, పద్దెనిమిదేండ్లల్ల నేను ఒక్క పేరన్న తప్పు రాసిన్నా?"

"అది పాత కంప్యూటర్."

"మరి కంప్యూటర్ మాట్లాడ్తలేదు అని రాయుండ్రి. ఇప్పుడే సహీ పెడ్త. నాకు చేతనైతలేదు అంటె మాత్రం పెట్ట. మీరు గేటు కాడ కాదు, రోడ్డు మీద కూసోవెట్టుండ్రి."

పెన్ను బల్ల మీద పెట్టి వచ్చేశాను. నేరుగా గేటు దగ్గరికి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాను. 

నువ్వు అడిగింది చేయించాను. ఇప్పుడు నా కిటికీలో కూర్చునే ప్రాజక్త మంచి పిల్ల. నా కుర్చీలో కూర్చున్నందుకు నేనడగకుండానే రెండుసార్లు మాఫీ అడిగింది. మధ్యాహ్నం రద్దీ తగ్గాక తెర మీది ముక్క చదివింది. మాట పలికించే లైబ్రరీ అనే ఫైలు కావాలట, అది దొరకలేదట. అదే కంప్యూటర్‌ను "అన్నీ ఉన్నాయా" అని అడిగితే "ఉన్నాయి" అంటోందట. ఉందని ఒక నోట, లేదని ఇంకో నోట! ముందు ఎక్కించింది మీ టోకెన్ ప్రోగ్రాం. ఆ తర్వాత నాది.

భోజన్న


నాందేడ్,
జులై 6

మామా,

నీ జాబు అందింది. కొంత అర్థమైంది, ఇంకా చూడాలి. పది రోజులు ఆగు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

సారిక


భోకర్,
జులై 11

సారికా,

నీ జాబు మరీ పొట్టిగా ఉంది. మీ అత్త చదవడం మొదలుపెట్టేలోపే అయిపోయింది. చిన్నప్పుడు మా రేడియో పగలగొట్టిన రోజు కూడా నువ్వు ఇలాగే రెండు మాటలు మాట్లాడి మంచం కిందికి దూరావు.

గేటు దగ్గర కూర్చుంటే ఒక లాభం ఉంది. ఎవరు ఏమనుకుంటున్నారో అంతా వినపడుతుంది. నిన్న ఒక ముసలావిడ వచ్చింది. నా గొంతు విని ఆగిపోయింది. "భోజన్నా, నువ్వు ఈడ కూసున్నవేంది? లోపల మా పేరు ఎవరు రాస్తరు?" అంది.  "చెప్పులు ఈడ్నే విడువమ్మా" అన్నాను.

సూటిగా అడుగుతున్నాను. టోకెన్ ప్రోగ్రాం మీది. దాన్ని ప్యాకేజీ కట్టేది నువ్వు. ఇందులో నీ చెయ్యి ఉందా?

భోజన్న


నాందేడ్,
జులై 24

మామా,

ఉంది. తప్పు నాదే. పదిహేను రోజులుగా ఈ మాట రాసి చింపేస్తున్నాను.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. ప్రతి ప్యాకేజీతో పాటు లోపల ఒక చీటీ వెళ్తుంది. "నా దగ్గర ఇవి దొరుకుతాయి, నాకు ఇవి కావాలి" అని దాని మీద రెండు జాబితాలుంటాయి. ఆ చీటీని మనుషులు రాయరు. ప్యాకేజీ కట్టే యంత్రమే లోపలంతా వెతికి, కనపడిన ప్రతి లైబ్రరీ పేరూ, అంటే ప్రోగ్రాంలు వాడుకునే పనిముట్ల పేర్లన్నీ, రాసేస్తుంది. మా టోకెన్ ప్రోగ్రాంలో మాట పలికించే లైబ్రరీ ఉంది. తెలుగు గొంతు కోసం దాన్ని కొద్దిగా మార్చి, మా సొంత ఫోల్డర్‌లో దాచాం. మా ప్రోగ్రాంకు తప్ప ఇంకెవరికీ అది అందదు. యంత్రానికి ఆ సంగతి తెలియదు. "మాట లైబ్రరీ ఇక్కడ దొరుకుతుంది" అని చీటీ మీద రాసింది. ఆ ముక్క కొట్టేయాల్సింది నేను. చూసుకోలేదు.

గజానన్ మీ దగ్గర ముందు మాది ఎక్కించాడు. తర్వాత నీ ప్రోగ్రాం "నాకు మాట లైబ్రరీ కావాలి" అని అడిగింది. కంప్యూటర్ చీటీలు చూసి, ఇప్పటికే ఉంది కదా అనుకుని, అందరూ వాడుకునే అసలు లైబ్రరీని తేనే లేదు. తప్పేమీ చూపించలేదు. తీరా నీ ప్రోగ్రాం వెతికితే, ఉండాల్సిన చోట ఏమీ లేదు. నువ్వు ఏ మీటా తప్పు నొక్కలేదు. నొక్కడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

ఇది తెలిసిన రోజే మా యజమాని సుభాష్ గారికి చెప్పాను. ఆయన తలుపు వేసి మాట్లాడారు.

"పదిహేడు దవాఖానలకు పోయింది అది. మన తప్పు అని చెప్తే రేపు ఒక్కటి సుత మన దిక్కు చూడది. సప్పుడు చెయ్యకుంట కొత్త ప్యాకేజీ పంపు. చిన్న మార్పులు అని రాయి, సాలు."

"మా మామను గేటు కాడ కూసోవెట్టిండ్రు సార్."

"మీ మామ కోసం కంపెనీ మూసుకోవాల్నా?"

పక్క సీటు గౌరవ్ పని తొందరగా తేల్చేద్దామని ఒక్క వరుస రాశాడు. అసలు చీటీయే రాయవద్దని యంత్రానికి చెప్పాడు. ముద్ఖేడ్ దవాఖానలో కొత్త కంప్యూటర్ మీద ఎక్కించి చూస్తే మా టోకెన్ ప్రోగ్రామే లేవలేదు. దానికి నిజంగా కావాల్సిన వాటి పేర్లు కూడా చీటీతో పాటే పోయాయి మరి. అబద్ధం తీసేయమంటే నిజం కూడా తీసేశాడు.

నేను చేసింది చిన్న పని. మా ఫోల్డర్‌లో దాచిన లైబ్రరీలను "దొరుకుతాయి" జాబితాలో రాయవద్దన్నాను. అవే పేర్లను "కావాలి" జాబితాలో నుంచి కూడా తీయించాను, ఎందుకంటే మా లోపల ఉన్నదాని కోసం బయట అడగనక్కర్లేదు. మిగతాదంతా యంత్రం రాసినట్టే వదిలేశాను. ఏమీ లేని కంప్యూటర్ తీసుకుని మాది ముందు, నీది తర్వాత ఎక్కించాను. మళ్లీ తుడిచేసి నీది ముందు, మాది తర్వాత ఎక్కించాను. రెండుసార్లూ మాట్లాడింది. పాత ప్యాకేజీ ఉన్నచోట కొత్తది ఎక్కితే, చీటీ మీది ఆ దొంగ హామీ పోతుంది కాబట్టి, కంప్యూటర్ తానే అసలు లైబ్రరీని తెచ్చుకుంటుంది.

ప్రతి ప్యాకేజీలో ఏం మార్చామో రాసి, కట్టినవాళ్లు కింద పేరు పెట్టాలి. నేను ఇలా రాశాను: "ఏప్రిల్ ప్యాకేజీ చీటీలో తప్పు ఉంది. దానివల్ల చూపులేనివారి ప్రోగ్రాం మూగబోయింది. వాడినవారి తప్పేమీ లేదు. తప్పు కట్టినదానిది. — సారిక." సుభాష్ గారు ఆ నాలుగు వాక్యాలు తీసేయమన్నారు.

"నా పేరు కింద అబద్ధం రాయను సార్. మీ పేరు పెట్టుకొని మీరు రాసుకోండి."

ఆయన రాయలేదు. ప్యాకేజీ ఆ వాక్యాలతోనే బయటికి పోయింది. అవే మాటలను మరాఠీలో ఉత్తరంగా పదిహేడు దవాఖానలకూ పంపాను. సాయంత్రం ఆయన "రేపటి సంది రాకు" అన్నారు. "అస్త. వద్దనుకుంటె కారణం కాగితం మీద రాసి, సహీ పెట్టి ఇయ్యుండ్రి" అన్నాను.

నీకు నా మీద కోపం రావడం న్యాయం మామా. రెండు నెలలు నిన్ను ఆ స్టూలు మీద కూర్చోబెట్టింది ఉమాకాంత్ ఒక్కడే కాదు.

సారిక


భోకర్,
ఆగస్టు 6

సారికా,

ఇది మీ అత్త రాసింది కాదు. నా కిటికీలో, నా కుర్చీలో కూర్చుని నేనే కొడుతున్న మెయిల్. నేను కొట్టే ప్రతి అక్షరాన్నీ కంప్యూటర్ నా చెవిలో చదువుతోంది.

నీ జాబు విన్నాక రెండు రోజులు నీ మీద చాలా కోపంగా ఉన్నాను. అది కూడా దాచను. చూసుకోవాల్సింది కదా! మూడో రోజు మీ అత్త ఆ జాబు మళ్లీ చదివింది. "సారిక ఒప్పుకున్నది. మేనేజర్ సాబ్ ఒక్కసారన్న నాది తప్పు అన్నడా?" అని అడిగింది. అక్కడికి నా కోపం దిగిపోయింది.

నువ్వు పంపిన ఉత్తరం ఉమాకాంత్‌కు శుక్రవారం అందింది. గజానన్ వచ్చి కొత్త ప్యాకేజీ ఎక్కించాడు. కంప్యూటర్ గొంతు విన్నప్పుడు నేను గేటు దగ్గరే ఉన్నాను. లోపలి నుంచి ప్రాజక్త "కాకా, మాట్లాడుతున్నది!" అని అరిచింది. గోడ పట్టుకోకుండా లోపలికి నడిచాను. ఉమాకాంత్ నా భుజం తట్టాడు.

"అయిపాయె గద భోజన్నా. కూసో, పని చేసుకో."

"అయిపోలె సాహెబ్. కాగితం అందరి ముంగట చదివిండ్రు. ఈ ఉత్తరం సుత అందరి ముంగట చదవుండ్రి. గప్పుడు కూసుంట."

శని, ఆదివారాలు గేటు దగ్గరి స్టూలు మీదే ఉన్నాను, కావాలనే. వచ్చినవాళ్లు "కంప్యూటర్ మంచిగైందట గద, నువ్వు ఇంక ఈడ్నే ఎందుకు?" అని అడిగారు. "ఒక ఉత్తరం చదివేది ఉన్నది" అని ప్రతివాళ్లకూ చెప్పాను. సోమవారం మీటింగుకు మామూలుగా రాని నర్సులు కూడా వచ్చారు. ప్రాజక్త లేచి నీ ఉత్తరం మొత్తం చదివింది. "వాడినవారి తప్పేమీ లేదు" అన్నచోట ఆగి, మళ్లీ చదివింది. ఉమాకాంత్ నా కాగితం మీద రద్దు అని రాసి, తన పేరు రాశాడు. నిజంగా రాశాడా అని ప్రాజక్తను అడిగి తెలుసుకున్నాకే కిటికీ దగ్గరికి వెళ్లాను.

మీటింగు అయ్యాక ప్రాజక్త నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "కాకా, సర్ఖనిల మన చిన్న దవాఖాన ఉన్నది గద, ఆడ ముత్తెమ్మ అని ఒక పిల్ల ఉండె. ఆమెకు సుత కండ్లు కనపడయ్. మే నెలల్నే గిసొంటి కాగితం మీద సహీ పెట్టి ఇంటికి పోయింది."

ఆమె సంతకం పెట్టింది, సారికా. అడిగేవాళ్లు ఎవరూ లేక పెట్టేసింది.

నీ ఉద్యోగం ఏమైంది? రాయి.

భోజన్న


నాందేడ్,
ఆగస్టు 9

మామా,

నీ మెయిల్ ఎన్నిసార్లు చదివానో చెప్పను.

సుభాష్ గారు ఇంతవరకు కాగితం ఇవ్వలేదు. కారణం ఏమని రాస్తారు? నేను రోజూ వెళ్తున్నాను. రెండో రోజు నా కుర్చీ తీసేశారు. నిలబడే పని చేశాను. నాలుగో రోజు గౌరవ్ తన కుర్చీ తెచ్చి నా దగ్గర వేసి, కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. "ముద్ఖేడ్ల నేను చేసింది తప్పే. నీ తరీఖా ఏందో నాకు చూపియ్యి" అన్నాడు. చూపించాను. పాత ప్యాకేజీలన్నీ ఇద్దరం కలిసి విప్పి చూస్తున్నాం. ఇంకో రెండింటి చీటీల్లో ఇలాంటి అబద్ధమే దొరికింది. వాటినీ సరిచేసి, కింద మా పేర్లు పెట్టాం. మూడు దవాఖానల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఒకరు తిట్టారు. ఇద్దరు, ఇంత సూటిగా చెప్పారు కాబట్టి మీ దగ్గరే ఉంటామన్నారు. సుభాష్ గారు ఆ రెండూ చదివి లోపలికి వెళ్లిపోయారు. రేపు ఏమంటారో తెలియదు. ఏమన్నా రాసి ఇవ్వమంటాను.

ముత్తెమ్మ సంగతి చదివాను. అది కూడా నా చీటీయే. ఆమె ఫోన్ నంబరు సంపాదించు. నేను మాట్లాడతాను.

సారిక


సర్ఖని,
ఆగస్టు 21

సారికా,

ఫోన్‌లో జరిగే పని కాదనిపించింది. సెలవు పెట్టి, మీ అత్తను తీసుకుని సర్కారు బస్సెక్కాను. దారంతా వాన. సర్ఖని చేరేసరికి మధ్యాహ్నం అయింది.

ముత్తెమ్మకు ఇరవై నాలుగేళ్లు. వాళ్లమ్మ చేనులో ఉంది. ఈమె ఒక్కతే వసారాలో కూర్చుని పెసరకాయలు ఒలుస్తోంది. నేను ఎవరో చెప్పాను. దవాఖానలకు నువ్వు పంపిన ఉత్తరం నకలు మీ అత్త చదివింది. ముత్తెమ్మ కాయలు ఒలవడం ఆపేసింది. 

"అంటె నేనేం పాడు చెయ్యలేదా?" అంది.

"లేదు బిడ్డా."

"నేను రోజు మొక్కుకున్న, కంప్యూటర్ మంచిగ చెయ్యమని. నేనే ఏదో ఒత్తిన్నేమో అని నా వేళ్లను నేనే తిట్టుకున్న. మా అమ్మకు సుత గదే చెప్పిన."

మీ అత్త కళ్లు తుడుచుకుంటోందని చీర చప్పుడును బట్టి తెలిసింది. ముత్తెమ్మ ఏడవలేదు. లేచి, చేతులు దులుపుకుని, "దవాఖాన ఎన్ని గంటల దాక ఉంటది?" అని అడిగింది.

ముగ్గురం వెళ్లాం. అక్కడి కంప్యూటర్‌లో ఇంకా పాత ప్యాకేజీయే ఉంది. నీ ఉత్తరం వచ్చిందట, కవరు విప్పనే లేదు. అక్కడి డాక్టరమ్మ మంచిది. గజానన్‌కు ఫోన్ కలిపితే, ఏం చేయాలో అతనే మాట మాటకూ చెప్పాడు. ఈసారి "కాకా, తప్పు నాది సుత ఉండె" అని తనంతట తానే అన్నాడు. అరగంట పట్టింది. మూడు నెలలు నోరు విప్పని పెట్టె ఒక్కసారిగా మాట్లాడింది. ముత్తెమ్మ ఉలిక్కిపడి నవ్వింది.

సంతకం పెట్టిన కాగితం ఆఫీసులో ఉంది కాబట్టి, దాన్ని వెనక్కి తీసుకుంటున్నానని అర్జీ రాయాలని డాక్టరమ్మ చెప్పింది. ఇలాంటివి నాకు బాగా అలవాటయ్యాయి కదా. ముత్తెమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంటే, కుర్చీ దగ్గరికి జరుపుకుని, నేను చెప్తాను రాయమ్మా అన్నాను. "మా మీద బలవంతంగా" అని మొదలుపెట్టాను. ముత్తెమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"పెద్దయ్యా, మీరు జర సప్పుడు చెయ్యకుండ్రి. మీ మాట, ఈ కంప్యూటర్ మాట ఒక్కసారి అస్తె నాకు వినపడది. నా అర్జీ నేనే రాస్కుంట."

నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. ఆమె చాలాసేపు టకటకా కొట్టింది. ఏం రాసిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

నీ మామ
భోజన్న